పైజియమ్ బెరడు మందు కొనొచ్చా? కామెరూన్ అడవుల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

తెనాలి_ప్రభాకర్
మా నాన్నకి 71 ఏళ్ళు. ప్రోస్టేట్ పెరిగింది, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేస్తున్నారు. డాక్టర్ రాసిన టాబ్లెట్లు వాడుతున్నారు. న్యూజెర్సీలో ఉండే మా బావ మొన్న వచ్చినప్పుడు 'పైజియమ్' అని రాసున్న క్యాప్సూల్ సీసాలు తెచ్చాడు. ఆఫ్రికా మూలిక, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు అంటాడు. సరే చూద్దామని చదవడం మొదలుపెడితే అది కామెరూన్ కొండల్లో పెరిగే ఒక చెట్టు బెరడని, మందు కోసం ఆ చెట్లని నిలువునా ఒలిచేస్తున్నారని తెలిసింది. అప్పట్నుంచి మనసు ఊరుకోవడం లేదు. మందు పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న. అంతకంటే ఎక్కువ తొలుస్తున్నది ఇంకోటి. అక్కడి ఊళ్ళవాళ్ళు తాతముత్తాతల నాటినుంచి వాడుకుంటున్న చెట్టుని మనం సీసాల లెక్కన కొనేస్తే వాళ్ళకి ఏం మిగులుతుంది? ఆఫ్రికాలో ఉన్నవాళ్ళు, చెట్ల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి.

సర్జన్_విశాఖ
మొదటిదానికి నేను చెప్తాను. ఈ బెరడు మీద జరిగిన 18 ట్రయల్స్‌ని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష ఉంది, మొత్తం 1,562 మంది మగవాళ్ళు. రాత్రి లేవడం 19 శాతం తగ్గింది, మూత్రధార కొంచెం మెరుగైంది. అయితే అవి చాలావరకు చిన్న ట్రయల్స్, ఎక్కువకాలం నడిచినవి కావు. కాబట్టి కొంత ఉపశమనం ఉండొచ్చు, అంతకుమించి ఆశించకండి. ప్రోస్టేట్ కోసం రక్తంలో చూసే పీఎస్ఏ పరీక్ష చేయించారా? ఇప్పుడు వాడుతున్న టాబ్లెట్లు మాత్రం ఆపొద్దు. సీసా తీసుకెళ్ళి మీ డాక్టర్‌కి చూపించండి.

తెనాలి_ప్రభాకర్
పీఎస్ఏ చేయించాం సార్, ఫర్వాలేదన్నారు. టాబ్లెట్లు ఆపలేదు. సీసా ఇంకా విప్పలేదు.

వృక్షమిత్ర
కాలేజీలో బోటనీ చెప్తాను, ఈ చెట్టంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, కొంచెం ఎక్కువే రాస్తాను.

దీని శాస్త్రీయ నామం ప్రూనస్ ఆఫ్రికానా. బాదం, ఆల్‌బుఖారా వర్గంలో ఆఫ్రికా ఖండంలో సహజంగా పెరిగే పెద్ద చెట్టు. వెయ్యి మీటర్లు దాటిన చల్లటి కొండ అడవుల్లో ఉంటుంది. కామెరూన్, కెన్యా, ఉగాండా, మడగాస్కర్, దక్షిణాఫ్రికా దాకా ఉంది. బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఆకు నలిపితే చేదు బాదం వాసన. కాయలు పక్షులకీ కోతులకీ తిండి. ఊళ్ళవాళ్ళు జ్వరానికి, ఛాతీ నొప్పికి బెరడు కషాయం కాచుకుంటారు. కర్ర గట్టిది కాబట్టి గొడ్డళ్ళకీ పారలకీ పిడులు చేసుకుంటారు. ఇలా ఇంటికి కావలసినంత చెక్క తీసుకున్నన్నాళ్ళు ఆ చెట్టుకి ప్రమాదం రాలేదు.

1966లో జాక్ దెబా అనే ఫ్రెంచివాడు ఈ బెరడు సారానికి ప్రోస్టేట్ మందుగా పేటెంట్ తీసుకున్నాడు. అక్కడ తిరిగింది కథ. కామెరూన్ పర్వతం కింద ముతెంగెనెలో ప్లాంటెకామ్ అనే కంపెనీ ఫ్యాక్టరీ పెట్టి బెరడు సారం తీసి యూరప్‌కి పంపేది. మొదట్లో కంపెనీ పనివాళ్ళే పద్ధతిగా కోసేవాళ్ళు. 1980లలో లైసెన్సులు ఇంకా చాలామందికి ఇచ్చేసరికి ఎవరికి దొరికింది వాళ్ళు ఒలుచుకుపోయారు. మౌంట్ ఓకు చుట్టూ, కిలుం ఇజిం అడవిలో చెట్లు వరసగా ఎండిపోయాయి. 1995లో సైటిస్ అనే అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు, అంటే పర్మిట్ లేకుండా దేశం దాటకూడదు. ప్లాంటెకామ్ 2000లో మూతపడింది. 2007లో యూరోపియన్ యూనియన్ కామెరూన్ నుంచి దిగుమతే కొన్నేళ్ళు ఆపేసింది.

కాబట్టి ప్రభాకర్ గారూ, ఊరి వాడకం వల్ల ఆ చెట్టు పోలేదు. ఊరు దాటి టన్నుల లెక్కన వెళ్ళడం మొదలయ్యాక పోయింది. నా మాట ఇదే, ఎవరైనా కాదంటే వినడానికి సిద్ధం.

పులిహోర_ప్రియుడు
బోటనీ సార్ పాఠం మొదలైంది, అందరూ నోట్సు తీసుకోండి 😀 సార్, పరీక్షలో వస్తుందా ఇది?

కడప_రేంజర్
వృక్షమిత్ర గారూ, మా ఎర్రచందనం కూడా అదే 1995లో అదే రెండో అనుబంధంలోకి వచ్చింది. శేషాచలంలో సర్వీసు చేసినవాణ్ణి. నా అనుభవంలో ఒకటే మందు: గట్టిగా కాపలా, గట్టిగా నిషేధం. యూరప్ వాళ్ళు 2007లో ఆపడం మంచి పనే. కొనేవాడు లేకపోతే కోసేవాడు ఉండడు.

నైరోబీ_నాని
రేంజర్ అన్నా, అక్కడే తేడా ఉంది. ఎర్రచందనం అంటే చెట్టు నరికి దుంగ మోసుకుపోవాలి. బెరడుకి చెట్టుని చంపాల్సిన పనే లేదు. కాండాన్ని నాలుగు నిలువు భాగాలుగా అనుకుని ఎదురెదురుగా ఉన్న రెండు భాగాల్లోనే ఒలవాలి, మిగతా రెండూ ముట్టకూడదు. కొన్నేళ్ళు ఆగి, ఒలిచినచోట కొత్త బెరడు కట్టాక అప్పుడు మిగతా రెండు. చుట్టూ ఒలిస్తేనే చస్తుంది. ఆకులు చేసిన ఆహారం వేరుకి దిగేది బెరడు లోపలి పొర గుండానే, ఆ దారి తెగితే వేరు మాడుతుంది. చెట్టు వెంటనే పడిపోదు, పైన ఆకులు రాలుతూ మెల్లగా చస్తుంది.

సన్న బెరడు, లేత చెట్టు అని చూడకుండా ఒలిచేది ఎవరు? ఈ చెట్టు రేపు తనది కాదు అనుకునేవాడు. ఈ రోజు వదిలేస్తే రాత్రికి ఇంకొకడు ఒలుస్తాడు అనే భయం ఉన్నవాడు. నిషేధం పెడితే ఆ భయం పోదు. పద్ధతిగా కోసేవాడి ఆదాయం ముందు పోతుంది.

కడప_రేంజర్
నాని తమ్ముడూ, కాగితం మీద నాలుగు భాగాలు బాగానే ఉంటాయి. చీకటి అడవిలో కత్తి పట్టుకున్నవాడు ఎదురుబొదురు చూసి కొలిచి ఒలుస్తాడా?

పాడేరు_లక్ష్మి
ఒలుస్తారు సార్, చెట్టు వాళ్ళదైతే. మా దగ్గర నరమామిడి చెక్క అగరుబత్తుల జిగటకి అమ్ముతారు కదా. పక్కూరి అడవిలో చెట్టు మొదలంటా కొట్టేసినవాళ్ళే తమ పోడు గట్టు మీది చెట్టుకి ఒకపక్క మాత్రమే తీసి, గాయానికి పేడ మెత్తడం నేను చూశాను. మనిషి అతనే, కత్తి అదే. తపసి బంక కూడా అంతే. పూర్వం గొడ్డలితో లోతుగా నరికి బంక తీస్తే చెట్లు చచ్చేవి. చిన్న కత్తితో పైపైన గాటు పెట్టడం నేర్పించి, మంచి బంకకి మంచి రేటు ఇచ్చాక మా వాళ్ళే జాగ్రత్త పడ్డారు. కామెరూన్ వాళ్ళకి బెరడు కేజీకి ఏం వస్తోందో, అది ఎవరి చేతిలోంచి వెళ్తోందో అడగాలి ముందు.

వృక్షమిత్ర
లక్ష్మి గారూ, సరిగ్గా పట్టుకున్నారు. కామెరూన్ వాయవ్య ప్రాంతంలో వేలమంది చిన్న రైతులు కాఫీ తోటల మధ్య, పొలం గట్ల మీద ప్రూనస్ నాటుకున్నారు. ఒలవడానికి పన్నెండు, పదిహేనేళ్ళు పడుతుంది, అయినా పిల్లల చదువులకి వస్తుందని పెట్టారు. ఎగుమతి ఆపినప్పుడు అడవి బెరడుతోపాటు వీళ్ళ తోట బెరడు కూడా ఇరుక్కుపోయింది.

సైన్స్_సూరి
అందరూ చెట్టు గురించే బాధపడుతున్నారు. మనుషుల సంగతి? 'ఆఫ్రికాలో 80 శాతం మంది నాటు వైద్యం మీదే ఆధారపడతారు' అని ప్రతి వ్యాసంలో రాస్తారు. అది 1980ల నాటి అంచనా, నలభై ఏళ్ళుగా తిప్పి తిప్పి రాస్తున్నారు. ఆస్పత్రి లేక వెళ్ళేవాడిని, నమ్మకంతో వెళ్ళేవాడిని ఒకే లెక్కలో వేస్తే ఎలా? దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు ఆరోగ్య మంత్రిగా ఉన్న మాంటో షబలాలా ఎయిడ్స్‌కి వెల్లుల్లి, బీట్‌రూట్, 'ఆఫ్రికన్ పొటాటో' దుంప తినమని చెప్పింది. ఆ ప్రభుత్వం మందులు ఆలస్యం చేసినందుకు 3 లక్షల 30 వేలకు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. మూలిక అనగానే మనవాళ్ళు కరిగిపోతారు. నాకు మాత్రం మొదట మనిషి గుర్తొస్తాడు.

నైరోబీ_నాని
సూరి, అది మంత్రి చేసిన పాపం. ఊళ్ళో ఆకులు నూరే ముసలామె మీద ఎందుకు వేస్తావ్?

సైన్స్_సూరి
ముసలామె మీద వేయడం లేదు. జూలూ వాళ్ళు వాడే ఇంపిలా అనే దుంప కాలేయాన్నీ కిడ్నీనీ దెబ్బతీస్తుంది, పిల్లలు చనిపోయారు. అది కూడా తరతరాల జ్ఞానమే. దాన్ని కాపాడదామా?

సర్జన్_విశాఖ
సూరి అడిగింది న్యాయమైన ప్రశ్న. అయితే ఏది విషమో తెలియాలన్నా ఆ వైద్యులతో కూర్చుని మాట్లాడాలి. తలుపు వేసుకుంటే ఏం తాగారో రోగి చెప్పడు. వార్డులో నేను రోజూ చూస్తాను, 'ఏ పసరూ తాగలేదు సార్' అని ఒట్టేస్తారు, పక్కన కూర్చున్న కూతురు నేల చూస్తుంటుంది.

నైరోబీ_నాని
టాంజానియా సంగతి చెప్తా. 2011లో లోలియోండో దగ్గర సముంగే అనే ఊళ్ళో ఒక రిటైరైన పాస్టర్ ఓ చెట్టు వేరు కషాయం కప్పు 500 షిల్లింగులకి ఇచ్చాడు. షుగర్, ఎయిడ్స్, క్యాన్సర్, అన్నిటికీ ఒకటే కప్పు. కార్లు, బస్సులు మైళ్ళ కొద్దీ బారులు. క్యూలోనే చనిపోయినవాళ్ళున్నారు, ఎయిడ్స్ మందులు ఆపేసినవాళ్ళున్నారు. సూరి వాదనకి ఇది బలమే. కానీ అది ఊరి వైద్యం కాదు, పిచ్చి పరుగు. ఆ ఊళ్ళో వాళ్ళు ఆ చెట్టుని ఎప్పట్నుంచో మామూలుగా వాడుకుంటున్నారు. చెట్టు పేరు అక్కడ ముగరిగ, కరిస్సా జాతి.

కడప_రేంజర్
కరిస్సానా? కరిస్సా స్పైనారమ్ అయితే అది మా కలివి పొద! లంకమల్లలో 1986లో మళ్ళీ కనిపించిన కలివి కోడి అనే అరుదైన పక్షి ఆ పొదల నీడనే బతుకుతుంది. కలివికాయలు చిన్నప్పుడు జేబుల నిండా.

వృక్షమిత్ర
అదే రేంజర్ గారూ. ఆఫ్రికాది వేరే జాతి అనుకుని కరిస్సా ఎడ్యులిస్ అనేవారు, ఇప్పుడు రెండూ ఒకటే అని కలిపేశారు.

పులిహోర_ప్రియుడు
కలివికాయ పచ్చడికి వీసా అక్కర్లేదన్నమాట. వాక్కాయ పులిహోర చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే విడిగా మెసేజ్ పెట్టండి.

డర్బన్_రమ
చాలా ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను డర్బన్‌లో టీచర్ని. వృక్షమిత్ర గారూ, మీరు 'ఊరు దాటాక పోయింది' అన్నారు, యూరప్ వైపు చూపించారు. ఇక్కడ అలా కాదు. కొనేవాళ్ళు ఇక్కడివాళ్ళే, నగరంలో ఉండే జూలూ జనం. వార్విక్ జంక్షన్‌లో వాడకుండా వదిలేసిన ఫ్లైఓవర్ మీద మూలికల బజారు ఉంది. శనివారం వెళ్తే గోనెల నిండా బెరడు, తాళ్ళకి కట్టిన దుంపలు, సుత్తితో వేళ్ళు దంచే చప్పుడు. అమ్మేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పల్లెల నుంచి వచ్చి అక్కడే పడుకుంటారు. దక్షిణాఫ్రికా మొత్తానికి 2007లో వేసిన లెక్క ప్రకారం ఏటా 20,000 టన్నుల మొక్కలు, 2.9 బిలియన్ రాండ్ల వ్యాపారం, వాడేవాళ్ళు 2 కోట్ల 70 లక్షల మంది. ఇది యూరప్ క్యాప్సూల్ కాదు, బస్సెక్కి పట్నం వచ్చేసిన ఊరి వైద్యమే.

ఇసిభాహా అని ఒక చెట్టుంది, వార్‌బర్జియా సాలుటారిస్. బెరడు నమిలితే మిరియంలా మండుతుంది. దగ్గుకి, జలుబుకి, ఛాతీలో కఫానికి అందరూ అదే కొంటారు. అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్టు. జింబాబ్వేలో అడవిలో దాదాపు లేకుండా పోతే 1990లలో దక్షిణాఫ్రికా నుంచి మొక్కలు తెప్పించి రైతులకి ఇచ్చారు. అడవి అల్లం అని ఇంకొకటి, సైఫోనోకైలస్. మా క్వాజులు నటాల్ అడవుల్లో లేదు ఇక. బజార్లో మాత్రం దొరుకుతుంది, బయటినుంచి వచ్చి.

వృక్షమిత్ర
రమ గారూ, మీరు చెప్పింది నా వాదనకి ఎదురు కాదనుకుంటాను. డబ్బిచ్చి కొనే చోటికి, తీసినచోటు కనపడనంత దూరానికి వెళ్ళడమే నేనన్నది. అది పారిస్ అయినా డర్బన్ అయినా చెట్టుకి ఒకటే.

డర్బన్_రమ
చెట్టుకి ఒకటే కావచ్చు, పరిష్కారానికి ఒకటి కాదు. యూరప్ కంపెనీని ఓడరేవులో ఆపొచ్చు. ఫ్లైఓవర్ మీద కూర్చున్న ఆమెని ఆపితే పిల్లలకి అన్నం ఉండదు, దగ్గొచ్చినవాడికి మందు ఉండదు.

పాడేరు_లక్ష్మి
రమక్కా, అక్కడి పాత వైద్యులు చెట్టు పోకుండా ఏమీ కట్టుబాట్లు పెట్టుకోలేదా? మా దగ్గర కొన్ని వేళ్ళు పండగ కాకముందు తవ్వరు.

డర్బన్_రమ
ఉన్నాయి లక్ష్మీ, వింటే ముచ్చటేస్తుంది. బెరడు తూర్పు వైపు, పడమటి వైపు మాత్రమే తీయాలంటారు. అంటే నాని గారు చెప్పిన ఎదురెదురు భాగాలే! ఇఖాతాజో అని దగ్గుకి వాడే వేరు ఒకటుంది. దాన్ని ఎండాకాలంలో తవ్వితే పిడుగులు పడతాయని నమ్మకం. ఇక్కడ ఎండాకాలమే వానాకాలం కూడా, ఆ మొక్క పూసి గింజ కట్టేది అప్పుడే. చలికాలం వచ్చాక, గింజ రాలాక తవ్వుతారు. బజారుకి తెచ్చి అమ్మేవాళ్ళు ఈ పద్ధతుల్లో పెరిగినవాళ్ళు కాదు, చాలామంది పని దొరక్క వచ్చినవాళ్ళు. కట్టుబాటు వైద్యుడితో ఉండిపోయింది, గునపం ఇంకొకరి చేతికి వెళ్ళింది.

సైన్స్_సూరి
పిడుగు నమ్మకం వెనక గింజ లెక్క ఉందన్నది బాగుంది. ఒప్పుకుంటాను. ఇలాంటివి రాయండి, వింటాను.

తెనాలి_ప్రభాకర్
నేను అడిగినదానికంటే చాలా వచ్చింది, అందరికీ థాంక్స్. బావతో మాట్లాడాను. సీసా మీద బెరడు ఎక్కడిదో ఎక్కడా లేదు, కంపెనీకి మెయిల్ పెడితే జవాబు లేదు. నాన్నకి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాం. ఉన్న టాబ్లెట్లు సరిపోతున్నాయి కూడా. కానీ లక్ష్మి గారి మాట పట్టుకుంది నన్ను. నేను కొనడం మానేస్తే ఆ పదిహేనేళ్ళు ఎదురుచూసిన రైతుకి ఏం ఒరుగుతుంది?

నైరోబీ_నాని
అదే అసలు చిక్కు. నమీబియా వైపు చూడండి ప్రభాకర్ గారూ. కలహారి ఎడారిలో 'డెవిల్స్ క్లా' దుంప ఉంది, కీళ్ళ నొప్పులకి యూరప్ అంతా కొంటుంది. 1977 నుంచి అక్కడ రక్షిత మొక్క, పర్మిట్ ఉండాలి. తవ్వేది ఎక్కువగా సాన్ జాతివాళ్ళు, నిరుపేదలు. తల్లివేరుని కదపకూడదు, పక్కకి పాకిన పిల్ల దుంపలే తీసి, గొయ్యి మళ్ళీ పూడ్చాలి. పూడ్చిన గొయ్యిలోంచి మళ్ళీ దుంప ఊరుతుంది. ఈ పద్ధతి పాటించేవాళ్ళ దగ్గర నేరుగా, మంచి ధరకి కొనే ఏర్పాటు 1990ల చివర మొదలైంది. అన్నిచోట్లా సవ్యంగా నడుస్తోందని అనను. మధ్యవర్తులు ఇప్పటికీ ఉన్నారు. కానీ కొనడం మానకుండా కూడా దారి ఉంది.

ఫార్మా_పద్మ
పేటెంట్ల గొడవ ఎవరూ ఎత్తలేదేం? పసుపు మీద అమెరికా ఇచ్చిన పేటెంట్ 1997లో మనవాళ్ళు కొట్టేయించారు, గుర్తుందిగా. దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లో ఆలిస్ అనే ఊరివాళ్ళు అదే పని చేశారు. పెలర్గోనియం అనే మొక్క వేరు దగ్గుకి వాళ్ళ మందు. జర్మన్ కంపెనీకి దాని మీద ఉన్న పేటెంట్‌ని యూరోపియన్ పేటెంట్ ఆఫీసు 2010 జనవరిలో రద్దు చేసింది. సాన్ వాళ్ళు ఆకలి చంపుకోవడానికి నమిలే హూడియా మొక్క మీద అయితే వాళ్ళకి చెప్పకుండానే పేటెంట్ తీసుకున్నారు, గోల జరిగాక 2003లో వాటా ఒప్పందం రాశారు. తీరా ఆ మందు మార్కెట్లోకే రాలేదు.

ఇంకొకటి. బిళ్ళ గన్నేరు మన ప్రతి పెరట్లో ఉంటుంది, దాని పుట్టిల్లు మడగాస్కర్. పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ దాన్నుంచే. మడగాస్కర్‌కి ఏం ముట్టింది దానికి?

సర్జన్_విశాఖ
విన్‌క్రిస్టిన్ వల్ల బతికిన పిల్లల్ని చూశాను పద్మగారూ. అందుకే ఆ ప్రశ్న నన్ను ఇంకా ఎక్కువ పొడుస్తుంది.

ఫార్మా_పద్మ
మా కంపెనీ పని మీద బమాకో వెళ్ళినప్పుడు విన్నది కూడా చెప్తాను, సూరి గారికి నచ్చుతుంది. మాలీలో మలేరియాకి ఓ పల్లె వైద్యుడు వాడే ఆకు కషాయాన్ని పరిశోధకులు 301 మంది రోగుల మీద పరీక్షించారు. కషాయం తాగినవాళ్ళలో 89 శాతం మందికి, మామూలు మలేరియా టాబ్లెట్లు వేసుకున్నవాళ్ళలో 95 శాతం మందికి మళ్ళీ వేరే మందు అవసరం రాలేదు. ఆ మొక్క ఏంటో తెలుసా? మన చేలగట్ల మీద ముళ్ళతో, పసుపు పూలతో ఉండే బలురక్కసి. బ్రహ్మదండి అంటారు కొన్నిచోట్ల. అది కలుపు మొక్క! ఎంత కోసినా అడవికి నష్టం లేదు. దయచేసి ఎవరూ ఇంట్లో కాచుకోకండి, దాని గింజలు విషం, ఆవనూనెలో కలిసి మన దేశంలోనే మనుషులు చనిపోయారు. నేననేది, మందుగా పరీక్షించాల్సినవి వెతికేటప్పుడు కలుపు మొక్కల నుంచి మొదలుపెట్టొచ్చు కదా అని.

సైన్స్_సూరి
నచ్చింది పద్మగారూ. ట్రయల్ చేశారు, ఏది ఎక్కువ ఏది తక్కువ చెప్పారు. ఇంతే నేను అడిగేది.

కడప_రేంజర్
రమమ్మా, నర్సరీలు పెట్టి ఆ మొక్కల్ని పెంచితే అడవి మీద భారం తగ్గదా? మేం ఎర్రచందనం నారు రైతులకి ఇచ్చాం.

డర్బన్_రమ
ఉంది సార్. సిల్వర్‌గ్లెన్ నర్సరీ, డర్బన్ నగర పాలక సంస్థది, 1980ల నుంచి మందు మొక్కలే పెంచుతోంది. అదెక్కడుందో తెలుసా, చాట్స్‌వర్త్‌లో! 1860 తర్వాత చెరకు తోటలకి కూలీలుగా వచ్చిన మన తెలుగు, తమిళ కుటుంబాల మనవలు, మునిమనవలు ఉండే పేట అది. మా ఇంటి పక్క పెద్దావిడ వాళ్ళ నాన్న ఆంధ్ర మహాసభ మనిషి. ఆవిడ పెరట్లో తులసి పక్కనే ఇసిభాహా మొక్క ఉంది, ఆ నర్సరీదే. జలుబు చేస్తే ఆకు ఒకటి తెంపి నములుతుంది. బెరడు ముట్టదు.

క్రూగర్ పార్కు చుట్టుపక్కల వైద్యులకి కూడా ఇసిభాహా నారు పంచుతున్నారు. ఆకులో కూడా బెరడులో ఉన్న గుణాలే చాలావరకు ఉన్నాయని పరిశోధనలు చెప్తున్నాయి. ఆకు కోస్తే మళ్ళీ వస్తుంది.

కడప_రేంజర్
మరి బజారంతా ఆకే అమ్మొచ్చుగా?

డర్బన్_రమ
కొనేవాళ్ళు ఒప్పుకోవడం లేదు సార్, ఇక్కడే ఆగిపోతోంది పని. నాటిన మొక్కకి అడవి మొక్కంత శక్తి ఉండదని కొందరు వైద్యులు నమ్ముతారు. ఫ్లైఓవర్ మీద ఒకామెని అడిగాను, ఆకు ఎందుకు పెట్టవని. "ఆకు చూపిస్తే ఏ ఆకైనా కావచ్చంటారు. బెరడు గిల్లి నాలుక మీద పెట్టుకుంటే మంట పుడుతుంది, అప్పుడు డబ్బు తీస్తారు" అంది.

వృక్షమిత్ర
ఇసిభాహా ఆకు కూడా మండుతుంది కదండీ. పచ్చి ఆకు నమలమని అక్కడే రుచి చూపిస్తే?

డర్బన్_రమ
పచ్చిది మండుతుంది, బజారుకి వచ్చేసరికి వాడిపోతుంది, రెండో రోజుకి పొడి. బెరడు గోనెలో నెలలు నిలవుంటుంది. పల్లె నుంచి బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చేవాళ్ళకి నిలవే ముఖ్యం. అందుకే చాట్స్‌వర్త్ లాంటి దగ్గరి పేటల్లో పెరిగిన ఆకుని పొద్దున్నే తెచ్చి అమ్మగలిగే వాళ్ళతో మొదలుపెట్టాలని ఇక్కడ కొంతమందిమి మాట్లాడుకుంటున్నాం. శనివారం ఆ పెద్దావిడ పెరటి కొమ్మలు ఒక కట్ట పట్టుకెళ్ళి ఫ్లైఓవర్ మీద ఆమెకే ఇస్తాను. ఎవరైనా కొన్నారో లేదో ఇక్కడే రాస్తాను.